సర్పంచి డిజిటల్ కీ: అమర్చుకొనుట, కాపాడుకొనుట

కర్నూలు, కడప సీమలయందలి మెట్ట గ్రామములలో జొన్నపాతరను గూర్చి వినని పెద్దలు అరుదు. నేలలో గుంత త్రవ్వి, లోపల గడ్డి పరచి, పండిన జొన్నలను పోసి, పైన మన్ను కప్పి, కరవు సంవత్సరమునకై దాచియుంచుట ఈ ప్రాంతపు పాత అలవాటు. పాతర మూత తీసిన వెంటనే ఎవరును లోనికి దిగెడివారు కారు. లోపలి చెడుగాలి వెడలిపోవువరకు ఆగి, పైన మరియొకరిని నిలిపి, అటుపిమ్మట దిగెడివారు. తొందరపడినవాడు ప్రాణమునకే ముప్పు తెచ్చుకొనెడివాడు.

నేడు గ్రామపు ఉమ్మడి ధనమునకు కూడ ఒక మూత కలదు. అది బొటనవ్రేలంత పొడవుగల చిన్న పరికరము. కంప్యూటరు ప్రక్కనున్న రంధ్రమున దానిని గ్రుచ్చి, రహస్యసంఖ్య నొక్కినచో పంచాయతీ డబ్బు కదలును. మన గ్రామములలో దానిని డిజిటల్ కీ అనియు, డాంగిల్ అనియు పిలుచుచున్నారు. కాగితములలో డి.ఎస్.సి. టోకెన్ అని వ్రాయుదురు. సర్పంచి కీ వేరు, కార్యదర్శి కీ వేరు. ఆ రెండును కలిసిననే చెల్లింపు పూర్తియగును.

ఇంత చిన్న వస్తువును ఎట్లు అమర్చుకొనవలెను, ఎక్కడ ఉంచవలెను, పోయినచో ఏమి చేయవలెను అను సంగతులు పంచాయతీ సభ్యులందరును ఎరిగియుండుట అవసరము. ఇది సర్పంచికి మాత్రమే చెందిన విషయమని వార్డు సభ్యులు భావింపరాదు. ఊరి బోరునకు మోటారు కొనుటయు, వీధిదీపము వెలుగుటయు, మురుగుకాలువ పూడిక తీయుటయు ఈ కీ సరిగా నడచుటపై ఆధారపడియున్నవి. కావున ఈ వ్యాసమున మేము ఆ సంగతులను క్రమముగా వివరించుచున్నాము.

కీ ఎట్లు వచ్చినది

రాజ్యాంగపు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. దానిని అనుసరించి మన రాష్ట్రమున 1994లో పంచాయతీరాజ్ చట్టము ఏర్పడినది. అప్పటినుండి చాలకాలము పంచాయతీ చెల్లింపులు చెక్కు పుస్తకముపై సిరాతో చేసిన సంతకములతో నడచినవి. 2020 ఏప్రిల్ 24న, జాతీయ పంచాయతీరాజ్ దినమున, కేంద్ర ప్రభుత్వము ఈ-గ్రామ్ స్వరాజ్ అను ఏర్పాటును ప్రారంభించినది. పంచాయతీ ప్రణాళిక, పద్దులు, చెల్లింపులు ఇందు ఒకేచోట నమోదగును. ఇది కేంద్రపు నిధుల నిర్వహణ వ్యవస్థయైన పి.ఎఫ్.ఎమ్.ఎస్.తో అనుసంధింపబడినది. ఆర్థిక సంఘపు నిధులను ఖర్చుచేయుటకు ఇదియే మార్గమైనది.

15వ ఆర్థిక సంఘము 2021-26 సంవత్సరములకు గ్రామీణ స్థానిక సంస్థలకిచ్చిన గ్రాంటులలో నూటికి 60 పాళ్లు త్రాగునీటికిని పారిశుధ్యమునకును ప్రత్యేకింపబడినవి. ఎండకాలమున బిందెనీటికై మైళ్లు నడచిన మన సీమకు ఆ పైకము విలువ ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

సిరా సంతకమునకు చట్టమున ఎట్టి బలము కలదో, డిజిటల్ సంతకమునకు అట్టి బలమే కలదు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ఆ సంవత్సరము అక్టోబరు 17న అమలులోనికి వచ్చినది. అందలి 5వ సెక్షను ఈ గుర్తింపును ఇచ్చినది. కాబట్టి కీతో వేసిన ముద్రను తరువాత "నేను వేయలేదు" అని త్రోసివేయుట సులభము కాదు.

లోపల ఏమున్నది

కీలో డబ్బు ఉండదు. డబ్బు బ్యాంకు ఖాతాలో ఉండును. కీలో ఉండునది ఒక పెద్ద రహస్య అంకె మాత్రమే. దానికి జతగా మరియొక బహిరంగ అంకె కలదు. బహిరంగ అంకెను ఎవరైనను చూడవచ్చును. రహస్య అంకె కీని విడిచి వెలుపలికి రాదు. దానిని నకలు తీయుటకు వీలులేని విధముగా ఈ పరికరము నిర్మింపబడినది.

ఈ జత ఎట్లు పనిచేయునో స్థూలముగా చెప్పుదుము. రెండు మిక్కిలి పెద్ద సంఖ్యలను గుణించుట కంప్యూటరునకు క్షణకాలపు పని. కాని గుణించగా వచ్చిన ఫలితమును మాత్రమే ఇచ్చి, ఆ రెండు సంఖ్యలు ఏవియో కనుగొనుమన్నచో, నేటి కంప్యూటర్లన్నియు కలిసినను వాని వశము కాదు. సాధారణముగా వాడుకలోనున్న 2048 బిట్ల పద్ధతిలో ఆ ఫలితము 617 అంకెల పొడవుండును. ఈ అసాధ్యతయే మన ముద్రకు రక్షణ.

చెల్లింపు ఉత్తరువు సిద్ధమైనప్పుడు కంప్యూటరు దాని సారమును ఒక చిన్న గుర్తుగా మార్చును. కీ ఆ గుర్తుపై రహస్య అంకెతో ముద్ర వేయును. అవతల నిధుల వ్యవస్థ బహిరంగ అంకెతో ఆ ముద్రను సరిచూచును. నడుమ ఎవరైనను 48,500 రూపాయలను 4,85,000గా దిద్దినచో సారము మారిపోవును, ముద్ర చెల్లదు. సిరా సంతకమునకు ఈ గుణము లేదు. సంతకమైన చెక్కుపై సున్న చేర్చిన కథలు మన పెద్దలు వినియేయుందురు.

అయితే ఒక్క సంగతి మరువరాదు. ముద్ర వేసినది కీ అని మాత్రమే వ్యవస్థ ఎరుగును. ఆ కీ ఎవరి చేతిలో ఉన్నదో అది చూడలేదు. కీయు రహస్యసంఖ్యయు ఎవరి వద్ద చేరునో, వారే సర్పంచి అని అది నమ్మును. కనుక యంత్రము చేయగల కాపుదల ఇంతటితో ముగిసినది. మిగిలినది మనుష్యుడు చేయవలసినది.

అమర్చుకొను క్రమము

ఒకటి. డిజిటల్ ధ్రువపత్రమును ధ్రువీకరణ సంస్థల నియంత్రణాధికారి లైసెన్సు పొందిన సంస్థయే ఇవ్వవలెను. దరఖాస్తునకు పాన్, ఆధార్ వివరములు, ఛాయాచిత్రము కావలెను. దరఖాస్తుదారు తన ముఖము కనబడునట్లు వీడియోలో తానే మాటలాడి ధ్రువపరచవలెను. దరఖాస్తులో వ్రాయు మొబైల్ నంబరు, ఈ-మెయిలు సర్పంచివే కావలెను. పని సులభమగునని మధ్యవర్తి తన నంబరు వ్రాసినచో, తరువాత వచ్చు సందేశములన్నియు అతనికే పోవును. కీ మన చేతిలో ఉన్నను పగ్గము అతని చేతిలో ఉండును.

రెండు. టోకెను క్రొత్తదై యుండవలెను. వేరొకరు వాడిన టోకెనును పుచ్చుకొనరాదు. రహస్య అంకె టోకెను లోపలనే పుట్టవలెను. కంప్యూటరులో తయారుచేసి తెచ్చి ఎక్కించినది పనికిరాదు.

మూడు. పిన్ అను రహస్యసంఖ్యను వెంటనే మార్చవలెను. టోకెనులు 12345678 వంటి సంఖ్యతో వచ్చుట కలదు. అది అందరికిని తెలిసిన తాళము. పుట్టిన సంవత్సరము, ఫోను నంబరు, బండి నంబరు పెట్టరాదు. పిన్ నొక్కునప్పుడు ప్రక్కవారిని కొంచెము తొలగుమనుట అమర్యాద కాదు.

నాలుగు. ధ్రువపత్రమును తెరచి పేరు, అక్షరములు, గడువు తేదీ సరిచూడవలెను. ఈ పత్రములు ఒకటి మొదలు మూడు సంవత్సరముల గడువుతో ఇవ్వబడును. పంచాయతీ పదవీకాలము 5 సంవత్సరములు. అనగా పదవి నడుమనే కీ గడువు ముగియును. గడువు తేదీని పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాసియుంచిన మేలు. నెలరోజులు ముందుగనే క్రొత్త పత్రమునకు దరఖాస్తు పెట్టవలెను.

ఐదు. కీ పనిచేయుటకు కంప్యూటరులో ఒక చిన్న సాఫ్ట్‌వేరు ఉండవలెను. దానిని టోకెను తయారుచేసిన సంస్థ స్థలమునుండియే తెచ్చుకొనవలెను. కీని పంచాయతీ కార్యాలయపు లేక గ్రామ సచివాలయపు కంప్యూటరునందే వాడవలెను. ఊరిలోని నెట్ సెంటరు కంప్యూటరులో ఏమేమి దాగియున్నవో మనకు తెలియదు.

ఆరు. పిమ్మట ఈ-గ్రామ్ స్వరాజ్‌లో కీని నమోదుచేసి ఆమోదము పొందవలెను. తొలిసారి పెద్ద బిల్లుతో మొదలిడక, చిన్న చెల్లింపు ఒకటి చేసి, పైకము సరియైన ఖాతాకు చేరినదని పద్దులో చూచిన పిదపనే తక్కిన పని సాగింపవలెను.

ఇద్దరి చేతులు ఎందుకు

చెల్లింపును ఒకరు సిద్ధపరచవలెను, మరియొకరు పరిశీలించి ఆమోదింపవలెను. ఈ రెండు పనులకు మేకర్, చెకర్ అని పేర్లు. కార్యదర్శి వోచరును తయారుచేయును. సర్పంచి దానిని చూచి ముద్ర వేయును. ఒకరి పొరపాటును రెండవవారు పట్టుకొనుటయు, ఒకరి దురాశకు రెండవవారు అడ్డుపడుటయు ఇందలి ఉద్దేశము. రెండు కీలును ఒకే సొరుగులో చేరిననాడు ఇద్దరి చేతులు ఒక్క చేయియైపోవును. చట్టము ఉండును, కాగితములు సరిగా ఉండును, కాపుదల మాత్రము ఉండదు.

ఒక ఉదాహరణమును ఊహింతము. ఆలూరు, ఆదోని ప్రాంతమున ఒక చిన్న గ్రామము కలదనుకొందము. సర్పంచి ఒక మహిళ. సేద్యము చేసికొను కుటుంబము. ఎన్నికైన క్రొత్తలో కార్యాలయపు ఉద్యోగి ఒకడు, "అమ్మా, కీ నా దగ్గరనే ఉండనీయండి. మీరు పని మానుకొని మాటిమాటికి రానక్కరలేదు" అనెను. ఆమెయు మేలే అనుకొని ఇచ్చెను. పిన్ మరచిపోకుండుటకు చిన్న చీటీపై వ్రాసి టోకెనుకే అంటించిరి. రెండు సంవత్సరములు ఏ చిక్కును లేదు. మూడవ వేసవిలో త్రాగునీటి బోరు మోటారు కాలిపోయెను. మరమ్మతు చేయించుటకు పూనుకొనగా పద్దులో నిధి లేదు. చూడగా అదే మోటారునకు అంతకుముందే రెండుసార్లు మరమ్మతు బిల్లులు చెల్లించినట్లు కనబడెను. మోటారును ఎవరును ముట్టలేదు. రెండు బిల్లులపైనను ఆమె ముద్ర ఉన్నది. ఊరివారు బిందెలతో ఆమె ఇంటిముందు నిలిచిరి. ఆమె ఏమి చెప్పగలదు?

ఇది మేము కల్పించిన కథ. కాని కీ ఇతరుల చేతిలో ఉన్న ప్రతి గ్రామమున ఇట్లు జరుగుటకు అడ్డమేమియు లేదు. మన రాష్ట్రమున స్థానిక సంస్థలలో సగము స్థానములు మహిళలకు కేటాయింపబడినవి. భర్తగాని, కుమారుడుగాని, మరిదిగాని, ఉద్యోగిగాని ఆమె కీని పట్టుకొని తిరుగుట ఆమెకు సహాయము చేయుట కాదు. ఓటర్లు ఆమెకు ఇచ్చిన అధికారమును ఆమె చేతినుండి తీసికొనుటయే. చదువు తక్కువయని వెనుదీయనక్కరలేదు. పిన్ నొక్కుట, తెరపైనున్న మొత్తమును, పేరును చదివించుకొని సరిచూచుట రెండు మూడు దినములలో అలవడు పనులు. నమ్మకస్థుడైన చదువరిచేత చదివించుకొనవచ్చును. ముద్ర మాత్రము తన చేతితో తానే వేయవలెను.

చూడక ముద్ర వేయరాదు

కీ భద్రముగా ఉన్నను, చూడక వేసిన ముద్ర ముప్పు తెచ్చును. దీనికి వేరొక రంగమునుండి ఒక నిదర్శనము చెప్పుదుము. క్రిప్టో నాణెముల మారకము జరుపు వజీర్‌ఎక్స్ అను భారతీయ సంస్థనుండి 2024 జూలై 18న 23 కోట్ల డాలర్లకు మించిన విలువ దొంగల పాలైనది. ఆ సంస్థ ధనము ఒక్కరి ముద్రతో కదలునది కాదు. పలువురు ముద్ర వేయవలెను. వారివద్ద మన డిజిటల్ కీని పోలిన పరికరములే ఉండెను. అయినను, తెరపై కనబడిన లావాదేవి ఒకటి, వాస్తవముగా ముద్రపడినది వేరొకటి అని ఆ సంస్థయే ప్రకటించినది. 2025 ఫిబ్రవరిలో బైబిట్ అను విదేశీ సంస్థనుండి దాదాపు 150 కోట్ల డాలర్ల విలువ ఇట్టి విధముననే పోయినది. కీలు దొంగిలింపబడలేదు. కీలు గలవారే తెలియక ముద్ర వేసిరి.

మన పంచాయతీలో తెరను మార్చు దొంగలు రానక్కరలేదు. "పది బిల్లులున్నవి, ఒక్కసారే నొక్కండి, మీటింగునకు ఆలస్యమగుచున్నది" అను తొందర చాలును. కావున ప్రతి చెల్లింపునకు ముందు నాలుగు సంగతులు చూడవలెను. ఎవరికి చెల్లించుచున్నాము? ఎంత? ఏ పనికి? ఆ పనికి పంచాయతీ తీర్మానము, కొలతల పుస్తకము, బిల్లు ఉన్నవా? ఈ నాలుగింటిలో ఏ ఒకటి లేకున్నను ఆగవలెను. ప్రతి ముద్రను తేదీతో, మొత్తముతో ఒక చేతిపుస్తకమున వ్రాసికొని, నెలకొకసారి ఖాతాతో పోల్చిచూడవలెను.

కీ పోయినచో, తాళము పడినచో

పిన్‌ను పలుమార్లు తప్పుగా నొక్కినచో టోకెను తనంతట తాను తాళము వేసికొనును. ఎన్నిసార్లకు అను సంగతి టోకెనును బట్టి మారును. కావున రెండుసార్లు తప్పినచో ఆగి ఆలోచింపవలెను. ఊహించి నొక్కుచు పోరాదు. టోకెనును మరల మొదటినుండి సిద్ధపరచినచో లోపలి రహస్య అంకె చెరిగిపోవును. దానికి నకలు లేదు. అప్పుడు క్రొత్త ధ్రువపత్రమునకు దరఖాస్తు పెట్టుట, మరల నమోదు చేయుట తప్పదు. ఆలస్యము తప్ప డబ్బు నష్టము లేదు.

కీ పోయినచో సంగతి వేరు. సమాచార సాంకేతిక చట్టపు 42వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది: రహస్య అంకెను తన ఆధీనమున ఉంచుకొనుట ధ్రువపత్రదారుని విధి. అది ఇతరుల పాలైనదని తెలిసిన వెంటనే ధ్రువీకరణ సంస్థకు తెలుపవలెను. అట్లు తెలుపువరకు బాధ్యత ధ్రువపత్రదారునిదే. దీనినిబట్టి, ఒక్క దినపు ఆలస్యము ఎంత భారమో సభ్యులు గ్రహింపవచ్చును. కీ కనబడని వెంటనే ధ్రువీకరణ సంస్థకు తెలిపి పత్రమును రద్దుచేయింపవలెను. మండల, జిల్లా పంచాయతీ అధికారులకు వ్రాతమూలకముగా తెలిపి, ఈ-గ్రామ్ స్వరాజ్‌లోని నమోదును ఆపివేయింపవలెను. ఠాణాలో ఫిర్యాదు చేసి రసీదు పొందవలెను. పైకము ఇదివరకే పోయినదని తోచినచో 1930 నంబరునకు వెంటనే ఫోను చేయవలెను. ఇతరుని డిజిటల్ సంతకమును మోసముతో వాడినవారికి అదే చట్టపు 66-సి సెక్షను క్రింద మూడు సంవత్సరములవరకు జైలు, లక్ష రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును.

పదవి మారినప్పుడు కూడ ఇట్టి జాగ్రత్తయే అవసరము. కార్యదర్శి బదిలీయైనను, సర్పంచి పదవీకాలము ముగిసినను, ప్రత్యేకాధికారి వచ్చినను, పాత కీ నమోదును అదే దినమున తొలగింపవలెను. ఆ కీ వ్యక్తి పేరుతో నున్నది. క్రొత్తవారు పాతవారి కీతో పని నడపుట ఒకరి సంతకమును మరియొకరు చేయుటయే యగును.

క్రిప్టో వాలెటు సంగతి

ఈ ప్రసంగమున యువకులు తరచు అడుగు ప్రశ్న ఒకటి కలదు. బిట్‌కాయిను దాచుకొను హార్డ్‌వేర్ వాలెటు అను పరికరము కూడ ఇట్టిదే కదా అని. అవును, సూత్రము ఒకటే. బిట్‌కాయిను వ్యవస్థ 2009 జనవరి 3న మొదలైనది. 2014లో చెక్ దేశపు ప్రేగ్ నగరమునుండి ట్రెజర్ అను మొదటి హార్డ్‌వేర్ వాలెటు వెలువడినది. అందును నాణెములుండవు, రహస్య అంకె మాత్రమే ఉండును. నాణెముల లెక్క ప్రపంచమంతట పరచియున్న ఉమ్మడి పద్దులో ఉండును.

భేదము ఒక్కటే, కాని అది చాల పెద్దది. మన డిజిటల్ కీ పోయినచో ధ్రువీకరణ సంస్థ కలదు, అధికారి కలడు, బ్యాంకు కలదు. వాలెటు వెనుక ఎవరును లేరు. దానిని అమర్చునప్పుడు పరికరము 12 గాని 24 గాని ఆంగ్ల పదములను వరుసగా చూపును. ఇవి 2048 పదముల పట్టికనుండి ఎన్నబడినవి. ఆ పదములే అసలు తాళపుచెవి. పరికరము విరిగినను ఆ పదములతో మరియొక పరికరమున ధనమును మరల పొందవచ్చును. పదములు పోయినచో ఎవరును తిరిగి ఇప్పింపలేరు. పదములు మరియొకరి కంటబడినచో పరికరము మన పెట్టెలోనే ఉన్నను ధనము పోవును.

కాబట్టి వాలెటు వాడువారు పాటించునవి ఇవి. పరికరమును తయారీదారునుండియే కొనవలెను. పెట్టెలో ముందే ముద్రించిన పదములచీటీ ఉన్నచో అది మోసము. పదములు మన కంటియెదుట పరికరమే పుట్టింపవలెను. పదములను కాగితముపై చేతితో వ్రాసి, తడి, చెదలు, నిప్పు తగులనిచోట ఉంచవలెను. ఫోనుతో ఫొటో తీయరాదు, ఎవరికిని పంపరాదు. ధనము వేయుటకు ముందే, పరికరమును ఖాళీచేసి, వ్రాసిన పదములతో మరల తెరచి చూచుకొనవలెను. పంపు చిరునామాను కంప్యూటరు తెరపైగాక పరికరపు తెరపై సరిచూడవలెను. మొదట స్వల్ప మొత్తమునే పంపవలెను. తాను లేని కాలమున వారసులకు దారి తెలియునట్లు ఏర్పాటుండవలెను. పదములు చెప్పుమని అడుగువాడు, ఏ సంస్థ పేరు చెప్పినను, దొంగయే.

మరియొక మాట కూడ చెప్పవలసియున్నది. క్రిప్టో మన దేశమున చెల్లుబాటు నాణెము కాదు. దానిపై లాభమునకు 2022 ఏప్రిల్ 1 నుండి నూటికి 30 పాళ్ల పన్ను కలదు. అదే సంవత్సరము జూలై 1 నుండి అమ్మకముపై నూటికి ఒక పాలు ముందుగనే కోయు నియమము కూడ కలదు. తొలకరి వానలకు జొన్నగిరి, తుగ్గలి పొలములలో వజ్రములు వెదకువారిని మనము ఎరుగుదుము. దొరకినవాని మాట ఊరూర పాకును. దొరకక కూలిదినములు పోగొట్టుకొన్నవారి మాట ఎవరును చెప్పరు. క్రిప్టో కథలును అట్టివే. ఎవరి స్వంత సొమ్ముతో వారు ఏమి చేసికొనినను, పంచాయతీ సొమ్ము గాని, పొదుపు సంఘపు సొమ్ము గాని, గుడి సొమ్ము గాని ఆ దారి త్రొక్కరాదు. నెలకు రెట్టింపు చేసి ఇత్తుమని ఊరిలో సభ పెట్టువారు వచ్చినచో సభ్యులే ముందుగా ప్రజలను హెచ్చరింపవలెను.

సభ్యులు అడుగవలసిన ప్రశ్నలు

వార్డు సభ్యుల చేతిలో కీ లేదు. కాని ప్రశ్న కలదు. తదుపరి పంచాయతీ సమావేశమున ఈ క్రింది ప్రశ్నలను అడిగి, జవాబులను మినిట్సు పుస్తకమున వ్రాయింపవలసినదని మా మనవి.

సర్పంచి కీ నేడు ఎవరి వద్ద ఉన్నది? కార్యదర్శి కీ ఎవరి వద్ద ఉన్నది?

రెండు కీల గడువు ఏ తేదీతో ముగియును?

కీ దరఖాస్తులో ఉన్న మొబైల్ నంబరు, ఈ-మెయిలు ఎవరివి?

పిన్ ఎక్కడనైన వ్రాసి అంటింపబడియున్నదా? మార్చి ఎంతకాలమైనది?

గత నెల చెల్లింపుల పట్టికను సభ యెదుట చదివినారా? పట్టికలోని పని ఊరిలో కంటికి కనబడుచున్నదా?

పాత సర్పంచి, పాత కార్యదర్శి కీల నమోదు తొలగింపబడినదా?

ఈ ప్రశ్నలు ఎవరినో అనుమానించి అడుగునవి కావు. నిజాయితీపరుడైన కార్యదర్శికి ఇవి రక్షణయే. తన మీద నిందపడకుండుటకు ఆయనయే ముందుగా వీనిని కోరవలెను. పంచాయతీ రాబడి, ఖర్చుల వివరములు ఈ-గ్రామ్ స్వరాజ్‌లో ప్రజలందరికిని కనబడునట్లు ఉంచబడినవి. చదువుకొన్న యువకుడొకడు ఫోనులో తెరచి గ్రామసభలో చదివి వినిపించినచో, రచ్చకట్ట మీద కూర్చున్న రైతునకు కూడ తన ఊరి లెక్క తెలియును.

పాతర వద్ద మన పెద్దలు పాటించిన నియమములు రెండే: ఒంటరిగా తెరవకుండుట, తొందరపడి దిగకుండుట. డిజిటల్ కీకి వానితో బాటు మూడవది ఒకటి చేర్చుకొనవలెను. కీ ఎవరి పేర ఉన్నదో వారి చేతిలోనే ఉండవలెను. సర్పంచులు ఈ దినమే తమ కీ ఎక్కడనున్నదో చూచుకొందురుగాక. అది ఇతరుల వద్ద ఉన్నచో రేపటివరకు ఆగక తెచ్చుకొని, పిన్ మార్చి, గడువు తేదీని వ్రాసికొందురుగాక.